వదిన రాసిన పేజీ కొట్టేయడం ఎలా?

మా వదినా నేనూ కలిసి ఒక ఫాంటసీ నవల రాశాం. మొదటి ఏడాది రాసిన దాంట్లో సగం చెత్తబుట్టలో పడింది. కథ తెలీక కాదు, మొహమాటం వల్ల. మా వదిన, అంటే పెద్దన్నయ్య భార్య, రెండో అధ్యాయంలో రాణిగారి నగల గురించి నాలుగు పేజీలు రాసి పంపింది. నాకు ఒక్క వాక్యం నచ్చలేదు. అయినా "బాగుంది వదినా" అని మెసేజ్ పెట్టేసి, ఆ నగల మీంచి కథని ఎటు నడపాలో తోచక నెల రోజులు ఆ ఫైలు జోలికే వెళ్లలేదు. చాలా రోజులకి తెలిసిందేమిటంటే ఆ పేజీలు వదినకీ నచ్చలేదట, నేను బాగున్నాయన్నానని ఉంచేసిందట.

కలిసి రాద్దామనుకునేవాళ్లు మన దగ్గర ఎక్కువగా స్నేహితులో, మొగుడూపెళ్లాలో, బావాబావమరుదులో అయ్యుంటారు. ముందే ఒక వరస ఉంటుంది, ఆ వరసకి తగ్గ మర్యాద ఉంటుంది, ఆ మర్యాదే కథని లోపల్నుంచి చెదపురుగులా తినేస్తుంది. అందుకే యుద్ధాలు ఎలా వర్ణించాలి, రాక్షసుడు ఎలా ఉండాలి లాంటివి నేనిక్కడ చెప్పను. నేను విజయనగరంలో, వదిన శ్రీకాకుళంలో ఉంటూ మూడేళ్లలో ఒక ఫాంటసీ నవల పూర్తిచేసి, సొంత డబ్బుతో 500 కాపీలు వేయించి, ఇప్పటికీ ఒకరింట్లో ఒకరం భోజనం చేస్తున్నాం. అది ఎలా కుదిరిందో చెప్తాను.

ముందు కాగితం

మొదటి వాక్యం రాయకముందే ఒక కాగితం రాసుకోండి. "మనలో మనకి కాగితాలేటి?" అని ఎవరో ఒకరు అంటారు. మా ఇంట్లో అన్నయ్యే అన్నాడు. అలా అన్నవాళ్ల చేతే సాక్షి సంతకం పెట్టించండి. మేం లాంగ్ నోట్‌బుక్‌లో రెండు పేజీలు రాసుకుని ఇద్దరం ఫోటో తీసి పెట్టుకున్నాం. స్టాంపు పేపరు దాకా పోలేదు, మీ పెట్టుబడి పెద్దదైతే వెళ్లండి.

అందులో మొదట ఉండాల్సింది డబ్బు. "సగం సగం" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు చాలామంది, అది చాలదు. అచ్చుకి నేను ఎక్కువ పెట్టాను, వదిన తక్కువ పెట్టింది. కాబట్టి ముందు ఎవరు పెట్టింది వాళ్లకి తిరిగి రావాలి, ఆపైన మిగిలిందే సగం సగం అని రాసుకున్నాం. తర్వాత అట్ట మీద ఎవరి పేరు ముందుండాలి. మొదటి భాగానికి వదినది, రెండో భాగానికి నాది. ఒకళ్లు మధ్యలో మానేస్తే అప్పటిదాకా రాసింది ఏమవుతుంది, పాత్రలు ఎవరికి చెందుతాయి అన్నది అందరూ దాటేసే విషయం. మా కాగితంలో ఏముందంటే, మానేసినవాళ్ల పేరు అట్ట మీద ఉంటుంది, వాటా మూడో వంతుకి తగ్గుతుంది, కథని ముందుకి తీసుకెళ్లే హక్కు మిగిలినవాళ్లది. సినిమా అన్నా, అనువాదం అన్నా, ఆడియో అన్నా ఇద్దరి సంతకం ఉండాల్సిందే. సినిమా ఏం వస్తుందిలే అని నవ్వుకున్నాం కానీ రాసుకున్నాం.

చట్టం సంగతి కూడా కొంచెం తెలిసుండాలి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, ఇది నీ రాత, ఇది నా రాత అని విడదీయలేనంతగా ఇద్దరి పనీ కలిసిపోతే అది ఉమ్మడి రచన. ఇద్దరిలో ఆఖరున పోయినవాళ్లు పోయాక 60 ఏళ్ల దాకా హక్కు ఉంటుంది. అంటే మన మనవలు తగువులాడుకోవడానికి సరిపడా టైము. అందుకే వారసుల గురించి కూడా ఒక వాక్యం రాయండి. ఇంకోటి, హక్కులు ఎవరికైనా రాసిస్తే ఎన్నేళ్లకో, ఎక్కడెక్కడికో అందులో స్పష్టంగా ఉండాలి. కాలం రాయకపోతే 5 ఏళ్లనీ, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేననీ చట్టం అనుకుంటుంది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, రాసిన క్షణం నుంచే హక్కు మనది. మనశ్శాంతి కోసం చేయించుకోవాలంటే ఆన్‌లైన్‌లో చేసుకోవచ్చు, అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగాల్సి ఉంటుంది.

జంటగా రాయడం మనకి కొత్తేం కాదు. తిరుపతి వేంకట కవుల్లో దివాకర్ల తిరుపతిశాస్త్రి 1920లో పోయారు. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి ఆ తర్వాత 30 ఏళ్లు బతికారు, ఒంటరిగా రాసినవి కూడా జంట పేరు మీదే తెచ్చారు. అంత మనసు అందరికీ ఉండదు. ఉంటుందని నమ్మి కాగితం మానేయకండి.

ఫోన్ చుక్క, చింతపిక్క

మేం నెలకో ఆదివారం చీపురుపల్లిలో కలిసేవాళ్లం. శ్రీకాకుళం ఊళ్లోకి రైలు లేదు, స్టేషను ఆమదాలవలసలో ఉంది, కాబట్టి వదిన అక్కడిదాకా బస్సులో వచ్చి రైలెక్కేది. నేను ఇటు నుంచి నెల్లిమర్ల, గరివిడి మీదుగా వచ్చేదాన్ని. సగం దారిలో కలవడంలో ఒక సుఖం ఉంది. ఎవరింటికైనా వెళ్తే వాళ్లు అతిథి, వీళ్లు ఇంటివాళ్లు అయిపోతారు, టీలు పెట్టుకోవడంతోనే సరిపోతుంది. ప్లాట్‌ఫాం బెంచీ మీద ఇద్దరం ఒకటే.

రాణిగారి నగల తర్వాత పెట్టుకున్న మొదటి పద్ధతి ఫోన్ చుక్క. ఒకళ్ల పేజీలు ఇంకొకళ్లు చదివేటప్పుడు ఎక్కడ చెయ్యి ఫోన్ మీదకి పోయిందో అక్కడ మార్జిన్లో పెన్సిల్‌తో ఒక చుక్క పెట్టాలి, అంతే. బాగుందనొద్దు, బాలేదనొద్దు, కారణాలు చెప్పొద్దు. వదినంటే గౌరవం ఉంది, ఆవిడ వర్ణన నచ్చలేదని నోటితో అనలేను, కానీ "ఇక్కడ నాకు కూర మీద మూత పెట్టానా లేదా అని గుర్తొచ్చింది" అని చుక్క పెట్టడానికి ఏ మర్యాదా అడ్డురాదు. ఒక పేజీలో మూడు చుక్కలు పడితే రాసినవాళ్లే ఇంటికి తీసుకెళ్లి తిరగరాస్తారు. నా యుద్ధం సీనులో మొదటిసారి పదకొండు చుక్కలు పడ్డాయి. వారం రోజులు మాట్లాడబుద్ధి కాలేదు గానీ చుక్కలు అబద్ధం చెప్పలేదని నాకూ తెలుసు.

చుక్కలతో తేలని గొడవలకి చింతపిక్కలు. నవల మొత్తానికి ఒక్కొక్కరికి మూడు పిక్కలు. ఎంత వాదించినా తెగకపోతే ఒక పిక్క తీసి బెంచీ మీద పెట్టాలి, అప్పుడు పెట్టినవాళ్ల మాటే చెల్లుతుంది, ఇంకొకళ్లు సణగకూడదు, మళ్లీ ఎత్తకూడదు. మూడే ఉన్నాయి కాబట్టి చిన్నవాటికి ఎవరూ ఖర్చుపెట్టరు. "దీనికి పిక్క పెడతావా?" అని అడిగితే సగం గొడవలు అక్కడే తేలిపోయేవి. పిక్కలు సీసాలో వేసి మూత బిగించండి, మొదటి మూడూ మా మేనల్లుడు గచ్చకాయలతో కలిపి ఆడేసుకున్నాడు.

కొట్టేయాల్సిన మాటలు ఎప్పుడూ మెసేజ్‌లో పెట్టకండి. ఎదురుగా చెప్పాలి, లేదా ఫోన్ చేసి చెప్పాలి. రాతలో గొంతు వినపడదు, "ఇది తీసేద్దాం" అన్న మూడు నిమిషాల మాట మూడు రోజుల మూతిముడుపు అవుతుంది.

లోకం నోట్‌బుక్

ఒక్కళ్లే రాస్తే లోకం బుర్రలో ఉంటే చాలు. ఇద్దరు రాస్తే రెండు లోకాలు తయారవుతాయి. నా దగ్గర రాజధాని నదికి ఉత్తరాన ఉంటే వదిన దగ్గర దక్షిణాన ఉంది, ఏడో అధ్యాయం దాకా ఎవరం చూసుకోలేదు.

మా లోకం మీకు చెప్తే తప్ప ఈ నోట్‌బుక్ అవసరం అర్థం కాదు. రెండు నదుల మధ్య ఒక నేత ఊరు. పొందూరు సన్న ఖద్దరు తెలిసినవాళ్లకి ఈ సంగతి తెలుసు, అక్కడ పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. దవడకి సన్నటి పళ్లుంటాయి, దువ్వుతుంటే నలకా చెత్తా పోయి పింజ మెత్తగా విచ్చుకుంటుంది. ఒకసారి వదినా నేనూ పొందూరులో దిగి ఒక ముసలావిడ అలా దువ్వుతుంటే గంటసేపు చూశాం. ఆవిడ పని ఆపలేదు, మాట్లాడలేదు. తిరిగి రైలెక్కాక వదిన అంది, "ఆవిడ మాటలన్నీ ఆ నూలులోకి పోయాయేమో." మా నవల మొత్తం అందులోంచే వచ్చింది. మా లోకంలో చేప దవడతో దువ్విన నూలులో ఒక మాట దాచొచ్చు, ఆ బట్ట కట్టుకున్నవాళ్లకి ఆ మాట బలం వస్తుంది, కానీ దాచినవాళ్లు మళ్లీ జన్మలో ఆ మాట పలకలేరు. పైడమ్మ అనే ముసలావిడ అప్పటికే చాలా మాటలు పోగొట్టుకుని ఉంటుంది.

ఇప్పుడు చూడండి ఇబ్బంది. నాలుగో అధ్యాయంలో పైడమ్మ "ఉప్పు" అన్న మాట నూలుకిచ్చేసింది, అది నేను రాశాను. ఆరో అధ్యాయంలో వదిన రాసిన పైడమ్మ పొయ్యి దగ్గర కూర్చుని "ఉప్పు సరిపోయిందా?" అని అడిగింది. చదివే పదేళ్ల పిల్లాడు కూడా పట్టేస్తాడు. అప్పుడు మొదలుపెట్టాం నోట్‌బుక్. పైడమ్మకి ఒక పేజీ, మూడు గళ్లు: పోయిన మాట, ఏ అధ్యాయంలో పోయింది, దాని బదులు ఏమంటుంది. ఉప్పు బదులు "సముద్రం పిసరంత వెయ్యి" అంటుంది. రేపు బదులు "మళ్లీ పొద్దెక్కినాక". తప్పు దిద్దుకోబోతే దొరికిన మాటలివి, పుస్తకం చదివినవాళ్లందరూ ముందు వీటి గురించే మాట్లాడతారు.

మంత్రానికి ఖరీదు ఏమిటో మొదటి పేజీలోనే రాయండి. ఖరీదు లేని మాయ ఇద్దరు రచయితల చేతిలో పడితే ఎవరికి ఇబ్బంది వచ్చినా వాళ్లు ఒక కొత్త శక్తి కనిపెట్టి బయటపడిపోతారు. తర్వాత దూరాలు. ఎడ్లబండి మీద ఏ ఊరికి ఎన్ని రోజులో రాసుకోకపోతే ఒక దూత మధ్యాహ్నం బయల్దేరి సాయంత్రానికి దేశం దాటేస్తాడు. మేం నదుల కొలతలు నాగావళి, వంశధార నుంచే తీసుకున్నాం. ఒకటి కళ్లేపల్లి దగ్గర, ఒకటి కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తాయి, మధ్య దూరం మా కాళ్లకి తెలుసు. పంచాంగం, పండగలు, తిండి, ఎవరు ఎవర్ని ఏమని పిలుస్తారు, ఇవన్నీ రాసుకోవాలి. పిలుపులు చాలా ముఖ్యం. వదిన అధ్యాయంలో సేనాపతి రాణిని "నువ్వు" అంటాడు, నా అధ్యాయంలో "తమరు" అంటాడు, ఎందుకు మారాడో కథలో ఎక్కడా లేదు!

లోకం కోసం ఇంగ్లీషు నవలల్లోని కోటలూ మంచు కొండలూ తెచ్చుకునే పని లేదు. అరసవల్లి సూర్యదేవుడి గుళ్లో ఏడాదికి రెండుసార్లు, మార్చిలోనూ అక్టోబరులోనూ, సూర్యకిరణాలు స్వామి పాదాల మీద పడతాయి. విజయనగరం పైడితల్లి జాతరలో ఊరేగించే పొడవాటి మాను, సిరిమానుకి ఏ చెట్టు కొట్టాలో అమ్మవారు పూజారికి కలలో చెబుతుందంటారు. దేవుళ్లని ఉన్నపళంగా ఎత్తుకొచ్చి పాత్రలు చెయ్యకండి, అది మర్యాదా కాదు, కథకి మంచిదీ కాదు. వాటి వెనకాల ఉన్న పద్ధతిని తీసుకోండి: ఫలానా రోజున మాత్రమే తెరుచుకునే వెలుతురు, కలలో మాత్రమే దొరికే చెట్టు. తుపాను రాయడానికి మేం ఏ పుస్తకమూ చూడలేదు, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ చూసినవాళ్లం. గాలి గురించి ఎవరైనా రాస్తారు. మర్నాడు పొద్దున్న తలలు లేని కొబ్బరిచెట్ల కింద జనం ఏం మాట్లాడుకుంటారో రాయాలి.

భాష దగ్గర ఒక మాట గట్టిగా చెప్తాను. ఫాంటసీ అనగానే అందరి చేతా గ్రాంథికం మాట్లాడించేసి, నవ్వించే పనివాడికి మాత్రం మన యాస పెట్టకండి. మా నవల్లో యువరాణే "ఏటి", "ఎలగ" అంటుంది, ఎందుకంటే ఆమె పెరిగింది నేత ఊళ్లో. వాడుక భాష కోసం అంత పోరాడిన గిడుగు రామమూర్తిది ఈ శ్రీకాకుళం మట్టే. యాసని సంభాషణల్లో ఎంతవరకు రాయాలో, ఎక్కడ చదవడానికి అడ్డొస్తుందో తేల్చుకోడానికి వదిన కథానిలయానికి వెళ్లి మన ప్రాంతం కథకులు ఎలా రాశారో చూసి వచ్చేది. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో పెట్టిన ఆ లైబ్రరీ ఊళ్లోనే ఉండగా వాడుకోకపోవడం దండగ.

ఎవరేం రాయాలి

మొదట అధ్యాయం నువ్వు, అధ్యాయం నేను అనుకున్నాం. అందరూ అలాగే మొదలెడతారు, చాలామందికి అక్కడే చెడుతుంది. ఒకళ్లు కథని ఒక మలుపులో వదిలేస్తే ఇంకొకళ్లు దాన్ని విప్పుకోలేక ఇంకో మలుపు తిప్పుతారు, రెండు నెలలకి కథ జిలేబీ అవుతుంది. నేనెంతో ముద్దుగా పెంచుకుంటున్న పడవవాణ్ణి వదిన తొమ్మిదో అధ్యాయంలో చంపేసింది, నాకు చెప్పకుండా. అప్పుడు వాడాను నా మొదటి పిక్క. పడవవాడు బతికాడు.

తర్వాత పాత్రల లెక్కన పంచుకున్నాం. పైడమ్మ, యువరాణి వదినవి. పడవవాడు, సేనాపతి నావి. ఎవరి పాత్ర కళ్లతో ఆ సీను చూస్తున్నామో వాళ్లే మొదటి రాత రాస్తారు, రెండో రాత ఇంకొకళ్లది. రెండో రాతంటే అక్షరదోషాలు దిద్దడం కాదు, ఫైలు పక్కన పెట్టుకుని కొత్త ఫైల్లో మొత్తం మళ్లీ టైప్ చేయడం. బద్ధకంగానే ఉంటుంది, కానీ టైప్ చేసేటప్పుడు చెయ్యి తనకి నచ్చని మాటని దానంతటదే దాటేస్తుంది. ఇద్దరి గొంతులూ ఒక గొంతు అయింది ఇలాగే. ఇప్పుడు కొన్ని పేజీలు ఎవరు రాశారో మాకే తెలీదు.

రాయకముందే ముగింపు మీద ఒప్పందానికి రండి. దారి ఎలాగైనా పోవచ్చు, చేరే ఊరు ఒకటే అయ్యుండాలి. చివర్లో కూర్చుని నవల మొత్తం పైకి చదువుకోండి, నా రాత వదిన, వదిన రాత నేను. మేం మూడు ఆదివారాలు చదివాం, గొంతు పోయింది, నాలిక తడబడిన చోటల్లా వాక్యం విరగ్గొట్టాం. ఆ తర్వాత ముగ్గురికి చదవడానికి ఇచ్చాం. ఆ ముగ్గురిలో ఒకళ్లయినా ఫాంటసీ అంటే ఇష్టం లేనివాళ్లు ఉండేలా చూడండి, అసలు తప్పులు వాళ్లకే కనిపిస్తాయి.

ఫైళ్లు, ఫాంట్లు

గూగుల్ డాక్స్‌లో ఒకే ఫైలు ఇద్దరం తెరిచి రాసుకున్నాం, పాత కూర్పులు దానంతట అదే దాచుకుంటుంది కాబట్టి ఎవరైనా కోపంలో ఏదైనా చెరిపేసినా వెనక్కి తెచ్చుకోవచ్చు. అయినా ప్రతి ఆదివారం తేదీ వేసి ఒక కాపీ విడిగా పెట్టుకోండి.

టైపింగ్ మాత్రం మొదటి రోజు నుంచి యూనికోడ్‌లోనే, అంటే ఏ ఫోన్లో తెరిచినా ఏ కంప్యూటర్లో తెరిచినా అక్షరాలు చెదరని పద్ధతిలో. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది, మా పుస్తకం రెండు నెలలు ఆలస్యమైంది ఈ ఫాంట్ల గొడవ వల్లే. అచ్చుకి పేజీలు పెట్టిచ్చే డీటీపీ సెంటర్లు చాలావాటిలో ఇప్పటికీ పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేరు, యూనికోడ్ కాని అను ఫాంట్లే నడుస్తాయి. పాత పేజ్‌మేకర్‌కి యూనికోడ్ తెలీదు. మన ఫైలు ఇస్తే వాళ్లు కన్వర్టర్‌లో వేసి మారుస్తారు, మార్చేటప్పుడు అక్కడక్కడా వొత్తులు ఎగిరిపోతాయి. మాకు పేజీలు పెట్టిన ఒకాయన అలాగే చేశారు. ప్రూఫులో పైడమ్మ మొత్తం "పైడమ" అయిపోయింది. 243 పేజీలు మళ్లీ మాట మాటా చూసుకున్నాం. ఇన్‌డిజైన్ అనే సాఫ్ట్‌వేరులో చేసేవాళ్లని వెతుక్కోండి, అందులో వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగు పెట్టి చేస్తారా అని ముందే అడగండి, అది పెట్టకపోతే వొత్తులు పక్కకి జరుగుతాయి. డబ్బు లేదంటే లిబ్రే ఆఫీస్‌లో మీరే పెట్టుకుని పీడీఎఫ్ తీయొచ్చు, నవలకి అది చాలు. ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి. మండలి, సూరన్న, పెద్దన, ఇంకా మన వాళ్ల పేర్లతో గిడుగు, గురజాడ కూడా ఉన్నాయి. ఊరి అభిమానం కొద్దీ గురజాడ పెడదామనుకున్నాం గానీ, ఫాంటు ఎంచుకునే ముందు ఒక పూర్తి పేజీ కాగితం మీద ప్రింటు తీసి మీ అమ్మకి ఇవ్వండి. కళ్లజోడు వెతుక్కోకుండా చదివిందా, అదే మీ ఫాంటు. మా అమ్మ మండలి చదివింది.

అచ్చు, అంకెలు

ప్రెస్ వాళ్ల లెక్క ఫారాల్లో ఉంటుంది, ఫారం అంటే ఒక పెద్ద కాగితం మీద అచ్చేసి మడిస్తే వచ్చే పేజీలు. మాది డెమ్మీ సైజు, ఫారానికి 16 పేజీలు. మా పుస్తకం 243 పేజీలు వచ్చింది, అంటే 15 ఫారాల మీద మూడు పేజీలు. ఆ మూడింటి కోసం ఇంకో ఫారం కాగితం, ఇంకో ప్లేటు. "మూడు పేజీలు తగ్గించుకోండమ్మా, 240కి దింపండి" అన్నారు ప్రెస్సాయన. అక్షరం సైజు తగ్గిద్దామంటే అమ్మ చదవలేదు.

నాకు తోచిన మూడు పేజీలు పదకొండో అధ్యాయంలో పైడమ్మ పత్తి దువ్వే సీను. అందులో ఏమీ జరగదు. దవడ ఎముక, పింజ, కిటికీలోంచి వెలుతురు, అంతే. ఫోన్ చుక్కలు మాత్రం లేవు, ఆ సంగతి నేను చెప్పలేదు. వదిన నా ముఖం చూసి, "ఏటమ్మా, పైడమ్మని తీసేస్తావేటి?" అని పర్సులోంచి సీసా తీసింది. ఆవిడ దగ్గర మిగిలిందల్లా ఒక్క పిక్కే. బెంచీ మీద పెట్టేసింది. పోయినవి నా సేనాపతి మంతనాల పేజీలు. పుస్తకం వచ్చి ఏడాది దాటింది, సేనాపతి మంతనాలు ఏమయ్యాయని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు.

ఐఎస్‌బీఎన్, అంటే ప్రతి పుస్తకానికీ విడిగా ఉండే గుర్తింపు నంబరు, అట్ట తయారయ్యేలోపే తీసుకోండి, బార్‌కోడు వెనక అట్ట మీదే పడాలి. కేంద్ర ప్రభుత్వం కింద ఉన్న రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది, సొంతంగా వేసుకునేవాళ్లు కూడా ఆన్‌లైన్‌లో పెట్టుకోవచ్చు. ఎవరైనా ఐఎస్‌బీఎన్ కోసమని వేలు అడిగితే ఇవ్వకండి. అచ్చు పుస్తకానికి ఒకటి, ఈబుక్కి ఒకటి, వేరువేరుగా కావాలి. పుస్తకం వచ్చిన 30 రోజుల్లో కోల్‌కతా నేషనల్ లైబ్రరీకి ఒకటి, చెన్నై, ముంబై, ఢిల్లీల్లోని లైబ్రరీలకి ఒక్కోటి మన ఖర్చుతో పంపాలని 1954 నాటి చట్టం ఉంది. నాలుగు కాపీలు పక్కన పెట్టేయండి.

ఈబుక్ దగ్గర జాగ్రత్త. అమెజాన్ 2016లో కిండిల్‌కి హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం తెచ్చినప్పుడు అందులో తెలుగు లేదు. కాబట్టి అప్‌లోడ్ చేయబోయే రోజున వాళ్ల భాషల జాబితా ఒకసారి చూసుకున్నాకే ప్లాను వేసుకోండి. కేడీపీలో, అంటే అమెజాన్‌లో మన పుస్తకం మనమే పెట్టుకునే చోట, రచయితలుగా ఇద్దరి పేర్లూ పెట్టొచ్చు గానీ అకౌంట్ ఒకళ్లదే, డబ్బు వాళ్ల ఖాతాలోకే వస్తుంది, పంచే పని అమెజాన్ చేయదు. కాగితంలో ఈ వాక్యం కూడా ఉండాలని నేను చెప్పడం ఇందుకే. సీరియల్‌గా పెట్టి పాఠకుల్ని కూడగట్టుకోవాలంటే ప్రతిలిపి యాప్ ఉంది. కాపీలు గుట్టగా వేయించే ధైర్యం లేకపోతే పోతీ.కామ్ లాంటి చోట పీడీఎఫ్ పెట్టి ఆర్డరు వచ్చినప్పుడే అచ్చయ్యేలా చూసుకోవచ్చు, కాపీ ఖరీదు ఎక్కువ పడుతుంది గానీ మంచం కింద పుస్తకాలుండవు.

మా లెక్క ఇదీ. అచ్చు, బైండింగ్ కలిపి కాపీకి 96 రూపాయలు పడింది. అట్ట బొమ్మకీ ప్రూఫులకీ 8,000 అయింది, 500 కాపీల మీద పంచితే 16. మొత్తం 112. వెల 220 పెట్టాం. షాపులో అమ్మితే వాళ్లు 40 శాతం తీసుకుంటారు, మనకి వచ్చేది 132. అందులో 112 పోతే 20, చెరో పది రూపాయలు. ఒక టీ. అదే మనం చేతికి అమ్మితే 108 మిగులుతాయి. ఈ లెక్క వెల నిర్ణయించకముందు వేసుకోవాలి, మేం వేసుకున్నాం కాబట్టి 180 పెట్టబోయి ఆగాం. 180కి షాపులో అమ్మితే చేతి నుంచి నాలుగు రూపాయలు పోయేవి.

అట్ట బొమ్మ వేసినవాళ్లతో కూడా రాసుకోండి, ఆ బొమ్మ పోస్టర్ల మీదా ఈబుక్ మీదా వాడుకోవచ్చా లేదా అన్నది.

అమ్మకం

చుట్టాలకి ఉచితంగా ఇవ్వొద్దు. ఇస్తే చదవరు. మా వైపు చుట్టాలు, వదిన పుట్టింటి వైపు చుట్టాలు కలిపితే 120 మంది తేలారు, అందరికీ ఇస్తే 13,000 పైన ఖర్చు. ఇద్దరికీ చెరో పది ఉచిత కాపీలు అని కోటా పెట్టుకుని, ఆ మాట ఒకరి మీద ఒకరం తోసేశాం. "వదిన ఒప్పుకోదు పిన్నీ" అని నేను, "ఆడపడుచు ఊరుకోదండి" అని వదిన. కలిసి రాయడంలో ఉన్న సుఖాల్లో ఇదొకటి.

మొదటి వంద కాపీలు చేతుల మీదే పోయాయి, స్కూళ్లలో తెలుగు మాస్టార్ల ద్వారా ఇంకొన్ని. ఏటా జనవరి మొదట్లో విజయవాడ పుస్తక మహోత్సవం ఉంటుంది, సొంత స్టాలు తీసుకునే స్థోమత లేకపోతే ఎవరిదైనా స్టాల్లో ఒక అర అడగండి. పార్శిల్ చేసేటప్పుడు ముందు ప్లాస్టిక్ కవరు, ఆపైన అట్ట, మూలలు మడవకుండా. వాన నెలల్లో ప్లాస్టిక్ లేకుండా పంపిన నాలుగు పుస్తకాలు అప్పడాల్లా ఉబ్బి వెనక్కి వచ్చాయి. కట్టలు నేల మీద పెట్టకండి, చెక్క బల్ల మీద పెట్టండి, గోడకి జానెడు దూరంలో. ఎవరి దగ్గర ఎన్ని కాపీలున్నాయో నెలకోసారి ఇద్దరూ కలిసి లెక్కపెట్టి నోట్‌బుక్‌లో సంతకాలు చేయండి.

ప్రస్తుతం నా దగ్గర 61, వదిన దగ్గర 38 ఉన్నాయి. రెండో భాగం మూడో అధ్యాయంలో ఉంది, పైడమ్మకి ఇంకో మాట పోయింది. పిక్కలు మళ్లీ మూడేసి అని నేనంటున్నాను, వదిన అయిదు అడుగుతోంది. వచ్చే ఆదివారం చీపురుపల్లిలో బేరం.